సూదమ్మగారి మనవరాలు

"తర్వాత నత్సుమె!" అని కుషిదా టీచర్ పిలిచేసరికి, నత్సుమె చేతిలోని చార్టు అంచులు చెమటకి మెత్తబడిపోయి ఉన్నాయి.

మధ్యాహ్నం అయిదో పీరియడ్. అప్పుడే భోజనాలయ్యాయి. క్లాసులో ఇంకా చేప వేపుడు వాసన పోలేదు. కిటికీల బయట వాన పడుతూనే ఉంది.

ఆ రోజు అయిదో క్లాసు పిల్లలందరూ 'మా ఇంట్లోవాళ్ల పని' గురించి చెప్పాలి. నత్సుమెకి ముందు రెంజి చెప్పాడు. వాళ్ల నాన్న ట్రామ్ డ్రైవర్. గంట ఎలా కొడతాడో, బ్రేకు ఎలా వేస్తాడో రెంజి చేతులూపి మరీ చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నత్సుమె బల్లల మధ్యనుంచి నడుచుకుంటూ ముందుకొచ్చి, చార్టు విప్పింది.

"మా బామ్మ పేరు తొమియె. పసిపిల్లలకి సూదివైద్యం చేస్తుంది. మా వీధిలో అందరూ సూదమ్మగారు అంటారు. నలభై రెండేళ్లుగా చేస్తోంది."

చెబుతుంటే భయం కొంచెం తగ్గింది. బామ్మ గురించి చెప్పడం ఆమెకి ఎప్పుడూ ఇష్టమే. రాత్రి చాలాసేపు కూర్చుని వేసిన బొమ్మల్ని ఒక్కొక్కటే వేలితో చూపించింది.

"ఇది ఇత్తడి కడ్డీ. పెన్సిల్ అంత ఉంటుంది. కొస గుండ్రంగా ఉంటుంది. ఇది చిన్న రోలర్. ఇది బ్రష్. వీటితో పిల్లల చేతులమీద, వీపుమీద, పొట్టమీద మెల్లగా రాస్తుంది. సరిగ్గా నిద్రపోనివాళ్లనీ, ఊరికే పేచీ పెట్టేవాళ్లనీ తీసుకొస్తారు."

"టీచర్, డౌట్!" రెంజి చెయ్యెత్తాడు. "సూది ఏదీ?"

"అంటే?" అన్నారు టీచర్.

"సూదివైద్యం అంది కదా. బొమ్మలో సూదే లేదు."

"పేరు అదే. కానీ పిల్లలకి గుచ్చరు," అంది నత్సుమె. "రాస్తారంతే."

"రాస్తారా? గోకుతారా?" రెంజి పక్కవాళ్లకేసి చూసి కన్ను కొట్టాడు. "గోకుడు డాక్టర్! ఏయ్ నత్సుమె, మా కుక్కకి కూడా దురదే. పంపించమంటావా?"

క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీలో ఒకడు బల్లని గోకుతూ "డాక్టరమ్మా, డాక్టరమ్మా" అన్నాడు.

"రెంజీ!" అని టీచర్ కసిరారు. కానీ నవ్వు ఆగలేదు.

నత్సుమె చెవులు వేడెక్కాయి. బామ్మ చేతులు కళ్లముందు మెదిలాయి. సన్నటి వేళ్లు, పొట్టిగా కత్తిరించుకున్న గోళ్లు. ఆ చేతుల్ని చూసి వీళ్లందరూ నవ్వుతున్నారు.

"సూది ఉంది!" అంది గట్టిగా.

అందరూ ఆగారు.

"ఉంది. పిల్లలు చూడకుండా దాచిపెడుతుంది. ఇంత ఉంటుంది." నత్సుమె రెండు చేతులూ ఎడంగా పెట్టింది. "దాంతో వేలికొసన గుచ్చి, లోపలి పురుగుని బయటికి లాగుతుంది."

వాళ్ల వీధుల్లో పిల్లలు ఊరికే మంకుపట్టు పడితే పెద్దవాళ్లు 'పురుగు రేగింది' అంటారు. పేరుకే పురుగు. దాన్ని చూసినవాళ్లు ఎవరూ లేరు. ఇప్పుడు మాత్రం నత్సుమె చూసేసింది.

"పురుగా? నిజం పురుగా?" అన్నాడు బల్ల గోకినవాడు.

"తెల్లగా, దారంలా ఉంటుంది. మెలికలు తిరుగుతుంది. బామ్మ దాన్ని సీసాలో వేసి మూత పెట్టేస్తుంది."

"పిల్లలు భయపడరా?" అన్నారు కుషిదా టీచర్. ఆవిడ ఏప్రిల్‌లోనే ఉత్తరం వైపునుంచి ఒసాకాకి వచ్చారు. వాళ్ల ఊళ్లో ఈ వైద్యం లేదు.

"మా బామ్మ దగ్గర ఎవరూ ఏడవరు టీచర్."

ఈ ఒక్క మాటా నిజమే. అందుకే కాబోలు, అది చెప్పేటప్పుడు గొంతు తడబడలేదు.

ఈసారి చప్పట్లు రెంజికి కొట్టిన వాటికన్నా ఎక్కువ మోగాయి. రెంజి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. బడి వదిలాక గేటు దగ్గర ముగ్గురు ఆడపిల్లలు నత్సుమె గొడుగులో దూరి, "సీసాలో ఎన్ని పురుగులున్నాయే?" అని అడిగారు.

"వంద దాకా ఉంటాయి," అంది నత్సుమె.

ఇంటికెళ్లేసరికి బామ్మ పనిముట్లు తుడుచుకుంటోంది.

"ఎలా చెప్పావే అమ్మడూ?"

"అందరూ చప్పట్లు కొట్టారు బామ్మా."

బామ్మ మొహం విచ్చుకుంది. "ఏదీ, చార్టు ఇలా తే." కళ్లజోడు పెట్టుకుని ఒక్కో బొమ్మా దగ్గరగా చూసింది. "కడ్డీ కొస ఎంత గుండ్రంగా వేశావో! చాలామందికి ఇదే అర్థం కాదు." వెంటనే లేచి, వచ్చినవాళ్లు కూర్చునే గది గోడకి చార్టుని నాలుగు పిన్నులతో గుచ్చింది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. "రేపు వచ్చేవాళ్లందరికీ చూపిస్తా. మా మనవరాలు వేసింది అని."

నత్సుమె హోంవర్కు ఉందంటూ లోపలికి వెళ్లిపోయింది.

శనివారం బామ్మ దగ్గర రద్దీ ఎక్కువ. నత్సుమెకి బడి ఉండదు కాబట్టి గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతూ, లోపలికి వచ్చిన పిల్లలకి చాప చూపిస్తూ ఉంటుంది. బామ్మ పని చేస్తుంటే చూడటం ఆమెకి సరదా.

ఆ పొద్దున ఎనిమిది నెలల బాబుని తెచ్చారు. తల్లి ఒళ్లో కూర్చుని వాడు ముక్కుతూ మూలుగుతూ ఉన్నాడు. బామ్మ కడ్డీని ముందు తన బుగ్గకి ఆనించి, చల్లగా లేదని చూసుకుంది. తర్వాత వాడి చేతిమీద పైనుంచి కిందికి రాసింది. ఈక తగిలినట్టు. రాసిందా లేదా అన్నట్టు. వాడు మూలగడం మానేసి, బామ్మ కళ్లజోడుకేసి చూడటం మొదలుపెట్టాడు. చేతులు, పొట్ట, వీపు. నాలుగు నిమిషాలు కూడా కాలేదు.

"అయిపోయింది," అంది బామ్మ.

"ఇంకొంచెం చెయ్యరూ? హాయిగా ఉన్నట్టుంది వాడికి," అంది తల్లి.

"అందుకే ఆపేశానమ్మా. ఇంకొంచెం అనిపించినప్పుడే ఆపాలి. ఎక్కువైతే చిరాకు పడతాడు."

అప్పుడే గేటు దగ్గర పెద్దగా ఏడుపు వినిపించింది.

నత్సుమె పరిగెత్తుకుంటూ వెళ్లింది. గేటు చువ్వని రెండు చేతులా పట్టుకుని ఓ నాలుగేళ్ల పిల్ల గింజుకుంటోంది. వాళ్లమ్మ నడుం పట్టుకుని లాగుతోంది. వాళ్ల వెనక గొడుగు పట్టుకుని, తల దించుకుని రెంజి.

"ఫూకా, మంచి పిల్లవి కదూ, వదులు!"

"సూది వద్దూ! పురుగు వద్దూ!"

ఆ పిల్ల చేతులకి ఉన్ని తొడుగులు ఉన్నాయి. జూన్ నెల ఉక్కలో, చలికాలంలో వేసుకునే ఎర్ర తొడుగులు.

ఏడుపు విని బామ్మ బయటికి వచ్చింది.

"సూదమ్మగారూ, ఏమనుకోకండి," అంది రెంజి వాళ్లమ్మ. ఆవిడ కళ్లకింద నల్లటి చారలున్నాయి. "రెండు నెలలనుంచి దీనికి రాత్రిళ్లు నిద్ర లేదు. లేచి కేకలు పెడుతుంది. ఇవాళ ఎలాగో సెలవు పెట్టి తీసుకొచ్చాను. మూడు రోజులనుంచి ఈ తొడుగులొకటి. తియ్యనివ్వదు. అన్నం కూడా వాటితోనే. వేళ్లలోంచి మీరు పురుగుని లాగుతారట!"

బామ్మ గేటు దగ్గర గొంతుకూర్చుంది. ఫూకాకి దగ్గరగా కాదు, రెండు మూరల దూరంలో.

"ఎవరు చెప్పారమ్మా నీకు, నా దగ్గర సూది ఉందని?"

ఫూకా చేతుల్ని చంకల్లో దాచుకుంది. "అన్నయ్య."

"నీకెవరు చెప్పారు బాబూ?"

రెంజి ఒక్కసారి నత్సుమెకేసి చూశాడు. వెంటనే కళ్లు తిప్పేసుకున్నాడు. "ఎవరో... బళ్లో అనుకుంటున్నారు. ఇది ఏడుపు ఆపట్లేదని, నోరు మూసుకోకపోతే సూదమ్మ దగ్గరికి తీసుకెళ్తానన్నాను. ఇంత భయపడుతుందనుకోలేదు."

నత్సుమె గుండె ఒక్కసారి తేలికైంది. రెంజి చెప్పలేదు. బామ్మకి తెలియదు.

"సరేలే," అంది బామ్మ లేస్తూ. "ఏడ్చే పిల్లని పట్టుకుని నేను చెయ్యనమ్మా. చేసినా లాభం లేదు. ఇవాళ్టికి ఇంటికి తీసుకెళ్లు."

"అయ్యో, మళ్లీ ఎప్పటికి దొరుకుతుందో సెలవు..."

"భయం పోయాక తీసుకురా. పోకపోతే మానెయ్. నా గేటు చూసి వణికే పిల్ల నా దగ్గర నిద్ర ఎలా నేర్చుకుంటుంది?"

 రెంజి వాళ్లమ్మ ఫూకాని ఎత్తుకుంది. వెనక్కి తిరిగింది.

బామ్మ లోపలికి వచ్చి, గుడ్డ తీసుకుని, తుడిచి పెట్టిన కడ్డీనే మళ్లీ తుడిచింది.

"నలభై రెండేళ్లలో," అంది మెల్లగా, ఎవరితోనో అన్నట్టు, "ఒక్క పిల్లా గేటునుంచి తిరిగి వెళ్లలేదు."

నత్సుమె గుండెలోని తేలిక అంతా పోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా, మేజోళ్లతోనే వానలోకి పరిగెత్తింది.

"ఆంటీ! ఆగండి! నేనే చెప్పాను!"

వీధి మలుపులో వాళ్లు ఆగారు. ఎదురుగా చేపల కొట్టు ఆవిడ కూడా బల్ల తుడవడం ఆపి చూసింది.

"సూది సంగతి నేనే చెప్పాను. రెంజి కాదు. సూది లేదు. పురుగూ లేదు. సీసా కూడా లేదు. బామ్మని చూసి అందరూ నవ్వుతుంటే... గొప్పగా ఉంటుందని కల్పించి చెప్పాను."

వెనక బామ్మ గొడుగుతో వచ్చి నిలబడింది. నత్సుమె తల తిప్పి చూడలేకపోయింది. గొడుగు మాత్రం తన తలమీదికి రావడం తెలిసింది.

"అబద్ధం," అంది ఫూకా, తల్లి భుజం మీదనుంచి. "పురుగు ఉంది. తెల్లగా ఉంటుంది."

"లేదు ఫూకా. అది నేను అల్లిన కథ."

"ఉంది!"

నాలుగు మాటల్లో పుట్టిన పురుగు నాలుగు మాటలకి పోవడం లేదు.  నత్సుమె ఆ ఎర్ర తొడుగులకేసి చూసింది. తర్వాత బామ్మకేసి తిరిగింది.

"బామ్మా, నాకు చెయ్యవా? మన గుమ్మంలోనే. ఫూకా గేటు బయటనుంచే చూస్తుంది."

"నీకా? పదకొండేళ్ల గాడిదవి!"

"ఊఁ. పాపాయిలకి చేసినట్టే చెయ్యి."

బామ్మ ఒక క్షణం మనవరాలి మొహంలోకి చూసింది. "పద," అంది.

నత్సుమె గుమ్మంలో చాప వేసి, తడిసిన మేజోళ్లు తీసేసి, చేతులు చాపి కూర్చుంది. గేటు అవతల, ఫూకాని ఎత్తుకుని తిరిగొచ్చిన వాళ్లమ్మ పక్కన రెంజి ఉన్నాడు. సోమవారం బళ్లో వీడేమంటాడో అనుకుంది. అయినా లేవలేదు.

బామ్మ కడ్డీని బుగ్గకి ఆనించుకుని, నత్సుమె చేతిమీద రాసింది. మోచేతి మడత దగ్గరికి రాగానే నత్సుమె కిసుక్కుమంది.

"కదలకే!"

"చక్కిలిగిలి బామ్మా!"

"పాపాయిలు నీకన్నా నయం. బుద్ధిగా కూర్చుంటారు."

ఫూకా ఏడుపు ఆపింది. తల్లి చంకలోంచి జారి, గేటు చువ్వల మధ్య మొహం పెట్టి చూసింది.

"పురుగు వచ్చిందా?"

"నువ్వే చూడు." నత్సుమె పది వేళ్లూ విడదీసి చూపించింది.

ఫూకా గేటు దాటి ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. గుమ్మం దగ్గరికి వచ్చి, నత్సుమె వేళ్లని ఒక్కొక్కటిగా వంగి చూసింది. గోళ్ల కింద కూడా చూసింది.

"ఇక్కడ నల్లగా ఉంది."

"అది మట్టి. చెప్పులు సర్దాను కదా."

"ఛీ," అంది ఫూకా. "కడుక్కోవాలి."

గేటు దగ్గర రెంజి ఫక్కున నవ్వాడు.

"నువ్వు చేస్తావా అక్కకి?" అంటూ బామ్మ కడ్డీని చాపమీద పెట్టింది. చేతికి ఇవ్వలేదు. ఊరికే పెట్టి, తను కొంచెం వెనక్కి జరిగింది.

ఫూకా చాలాసేపు దాన్నే చూసింది. గుండ్రటి కొసని చూసింది. తర్వాత తీసుకోబోయింది. ఉన్ని తొడుగులోంచి కడ్డీ జారి కింద పడింది. మళ్లీ తీసింది. మళ్లీ జారింది. మూడోసారి విసుగొచ్చి, కుడిచేతి తొడుగుని పళ్లతో పట్టుకుని లాగి పారేసింది.

రెంజి వాళ్లమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. 

"ముందు నీ బుగ్గకి పెట్టుకుని చూసుకో," అంది బామ్మ. "నీకు చల్లగా ఉంటే అక్కకీ చల్లగా ఉంటుంది."

ఫూకా పెట్టుకుని చూసుకుంది. ఆ తర్వాత నత్సుమె చెయ్యి పట్టుకుని, దోసకాయ చెక్కు తీసినట్టు బరబరా రుద్దేసింది.

"అమ్మో! నొప్పి!"

"మెల్లగా తల్లీ," అంది బామ్మ. "నిద్రపోతున్న పిల్లిని నిమురుతావు చూడు, అది లేవకుండా. అలాగ."

ఫూకా నాలిక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఈసారి మెల్లగా రాసింది. ఇంకా మెల్లగా రాసింది. నత్సుమెకి నిజంగానే కళ్లు మూతలు పడ్డాయి. బామ్మ ఇన్నేళ్లుగా చేస్తున్న పని ఇదీ, అనుకుంది. దీనికి సూది ఎందుకు? దీనిలో ఏం తక్కువైందని తను సూదిని తగిలించింది?

కాసేపటికి ఫూకా కడ్డీని బామ్మకి ఇచ్చేసి, ఎడమచేతి తొడుగు కూడా తీసేసి, చెమటతో ముడతలు పడిన చేతిని ముందుకు చాపింది.

"ఇప్పుడు నాకు."

బామ్మ రాసింది. ఒక్క చేతిమీద, పదిసార్లు. అంతే, ఆపేసింది.

"అయిపోయిందా?" అన్నారు తల్లీ కూతుళ్లు ఒకేసారి.

"ఇవాళ్టికి ఇంతే. రేపు ఆదివారమైనా తీసుకురా, నేను ఇంట్లోనే ఉంటాను. వీపు రేపు చూద్దాం."

వాళ్లు వెళ్లిపోయాక బామ్మ చాప మడతపెట్టింది. నత్సుమె పక్కనే నిలబడి తిట్ల కోసం ఎదురుచూసింది. బామ్మ తిట్టలేదు.

"నవ్వారా మరీ?" అంది.

"ఊఁ. గోకుడు డాక్టర్ అన్నారు."

బామ్మ భుజాలు కదిలాయి. చూస్తే నవ్వుతోంది. "మా అత్తగారి దగ్గర ఈ పని నేర్చుకునేటప్పుడు మీ తాతయ్య కూడా అదే అన్నాడు. గోకడానికి మూడేళ్ల చదువా అని." కడ్డీని పెట్టెలో పెట్టి మూతవేసింది. "నవ్వితే నవ్వనియ్యవే. నేను చేసేది నాకు తెలుసు. నువ్వు చెప్పినదానికి కాదు, ఆ పిల్ల మూడు రోజులు చేతులు దాచుకుందే, దానికి బాధేసింది."

నత్సుమె తల ఊపింది. 

"సోమవారం బళ్లో చెప్తాను బామ్మా."

"అది నీ ఇష్టం," అంది బామ్మ.

సోమవారం మొదటి పీరియడ్ మొదలవకముందే నత్సుమె టీచర్ బల్ల దగ్గరికి వెళ్లి, మెల్లగా ఏదో అడిగింది. కుషిదా టీచర్ తల ఊపి, పక్కకి జరిగారు.

నత్సుమె అందరి ముందూ నిలబడింది. చేతిలో చార్టు లేదు.

"ఆ రోజు నేను చెప్పిన సూది, పురుగు, సీసా, మూడూ అబద్ధాలు. మా బామ్మ సూది గుచ్చదు. రాస్తుంది. గోకుతుంది అన్నా సరే. చాలా మెల్లగా, నాలుగు నిమిషాలు. అది నేర్చుకోవడానికి మూడేళ్లు పట్టింది."

వెనక బెంచీలో ఎవరో కిసకిసలాడారు. గోళ్లతో బల్లని గీకిన చప్పుడు వినిపించింది.

"ఆపరా," అన్నాడు రెంజి, వెనక్కి తిరక్కుండానే. "మా చెల్లికి చేసింది ఆవిడ."

చప్పుడు ఆగింది.

"నిజమా? అయితే వాళ్ల చెల్లి రాత్రి నిద్రపోయిందా?" అని ముందు బెంచీ పిల్ల అడిగింది. అడిగింది రెంజిని కాదు, నత్సుమెనే.

అందరూ ఆమెకేసే చూస్తున్నారు. హాయిగా తెల్లారేదాకా పడుకుంది అని చెబితే ఎంత బాగుంటుంది! చప్పట్లు కూడా మోగుతాయి. ఆ మాట నాలుక కొసదాకా వచ్చింది కూడా.

"లేదు," అంది నత్సుమె. "నిన్న కూడా వచ్చింది. వీపుమీద చేయించుకుంది. అయినా రాత్రి రెండుసార్లు లేచి ఏడ్చిందట. పొద్దున రెంజి చెప్పాడు. కానీ తొడుగులు వేసుకోకుండా పడుకుంది."

"అంతేనా?"

"అంతే," అంది నత్సుమె, తలెత్తి. "సాయంత్రం మళ్లీ వస్తుంది."